నీలం అరుగు

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి ప్రొద్దుటూరికి రెండే బస్సులు పోయేవి. ఒకటి నీలం బస్సు, ఒకటి పసుపు బస్సు. జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ రోడ్డు మీదున్న ఊరు మాది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సర్కారు బస్సులింకా మా పక్కకు రాలేదు. ఈ రెండూ ఇద్దరు షావుకార్లవి. బోర్డు చదివేవాళ్లు ఊళ్లో తక్కువ కాబట్టి జనానికి రంగే గుర్తు. ఆ బస్సుల వాళ్లకూ తమ రంగంటే ఎక్కడలేని గొప్ప. రాత్రికి రెండూ మా ఊళ్లోనే ఆగి, తెల్లవారగానే ఒకదాని వెనక ఒకటి బయల్దేరేవి. ఒకరి జనాన్ని ఒకరు లాక్కోవడానికి పొద్దున్నే అరుచుకునేవాళ్లు.

మా మేనత్తకు చిన్నతనంలో జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. వడ్రంగి చేసిచ్చిన చక్రాల పీట మీద కూర్చుని, చేతులతో నేలను తోసుకుంటూ తిరిగేది. ఆ చేతులు మా నాయన చేతుల కంటే గట్టివి. నోరు అంతకంటే గట్టిది. ఇంట్లోనే చదువుకుని, పరీక్షలు రాసి, ప్రొద్దుటూరిలో ఆడపిల్లల బడికి పంతులమ్మ అయింది. మా వంశంలో పంతుళ్లు చాలామంది ఉన్నారు గానీ పంతులమ్మ ఆమే మొదలు. ఇంత చేసి కూడా, ఆ ఉద్యోగానికీ ఆమెకూ మధ్య ఒక బస్సు మెట్టు అడ్డం నిలబడింది.

మెట్టు ఎత్తు ఒక్కటే అయితే మా నాయన ఎత్తి కూర్చోబెట్టేవాడు. అసలు గొడవ బోణీది. పొద్దున మొదటి టికెట్టు కాళ్లు లేని మనిషికి కొడితే ఆ రోజు బస్సుకు అరిష్టమని కండక్టర్ల నమ్మకం. అందుకని ముందు ఎక్కనిచ్చేవాళ్లు కాదు, ఆగమనేవాళ్లు. ఆగితే బస్సు నిండేది. నిండినాక జాగా లేదు, వెనక బస్సుకు రమ్మనేవాళ్లు. వెనక బస్సులోనూ అదే కథ. ఇక ఆ బస్సులు తిరిగొచ్చి రెండోసారి పోయేదాకా ఆగాల్సిందే. ఏ మధ్యాహ్నానికో బడి చేరితే పెద్ద పంతులమ్మ ఊరుకుంటుందా? ఇంకోసారి ఆలస్యమైతే ఆ పని వేరే ఆమెకు ఇచ్చేస్తామని చెప్పేసింది.

ఆ సాయంత్రం మా నాయన, "ఎందుకు మే నీకు ఈ అగచాట్లు? ఇంట్లో తిండికి తక్కువైందా?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. మా అత్త ముఖం మాత్రం ఎర్రబడింది. "తిండికి కాదు న్నా నేను పోయేది. నా కాళ్లు రాకుంటే పాయె, రోడ్డు నాది గూడా" అంది. అని ఊరుకోలేదు. నా చేతికి ఒక తాడిచ్చి, నిలబెట్టిన బస్సు పై మెట్టు నేలకు ఎంత ఎత్తులో ఉందో ముడి వేసుకుని రమ్మంది. ఎందుకో నాకు తెలియలేదు. కొలిచి తెచ్చాను.

మా పక్క గనుల్లో నాపరాళ్లు తవ్వుతారు. విరిగిన బండలు కుప్పలుగా బయట పడి ఉంటాయి, ఎవరూ అడగరు. మా నాయన గొణుగుతూనే వాటిని బండి మీద తోలుకొచ్చాడు. బస్సు ఆగే చోట రోడ్డు పక్కన సరిగ్గా ఆ తాడు ముడి ఎత్తుకు ఒక అరుగు లేచింది. ఒక పక్క మెట్లు, ఇంకో పక్క పీట దొర్లడానికి వాలు. బస్సు దాన్ని ఆనుకుని నిలబడితే చాలు, మా అత్త ఎవరి చెయ్యీ తగలకుండా లోపలికి జరిగిపోవచ్చు.

ఆ బస్సే ఆనుకుని నిలబడలేదు. ఇద్దరు డ్రైవర్లూ అరుగు దాటించి అంత దూరాన ఆపారు. కుంటామె అరుగు కాడ ఆపితే మా బండికేం మర్యాద అని నీలం బస్సు డ్రైవరు నలుగురిలో నవ్వాడు కూడా. నాకు ఏడుపొచ్చింది. మా అత్త ఏడవలేదు. ఆ నవ్వు విని ఏదో ఆలోచనలో పడింది.

ఆదివారం నాడు మా నాయన ప్రొద్దుటూరు నుంచి ఒక రంగు డబ్బా తెచ్చాడు. బస్సులకు రంగులేసే షెడ్డులో మిగిలిన నీలం అది. కొంచెం తెల్లరంగు కూడా దొరికింది. నేనూ మా అత్తా కూర్చుని అరుగంతా నీలం పూశాం. నడుమ బస్సుకు ఉన్నట్టే వెడల్పుగా తెల్ల పట్టీ వేశాం. రంగు నా గోళ్లలో ఇరుక్కుని చాలా రోజులు పోలేదు. మా అమ్మ కిరసనాయిలు గుడ్డతో రుద్ది రుద్ది విసిగిపోయింది.

మరునాడు ఊళ్లో వాళ్లంతా నీలం బస్సు షావుకారే అరుగును తనది చేసుకుని రంగు వేయించాడనుకున్నారు. మేము ఔననలేదు, కాదనలేదు. పెరుగు కుండల ముసలివాళ్లు, కూరగాయల గంపల ఆడవాళ్లు, చంకలో పిల్లలున్న తల్లులు, అందరూ ఎక్కి కూర్చున్నారు. మోకాళ్లు పట్టుకుని ఆ ఎత్తు మెట్టు ఎక్కే బాధ వాళ్లకు మాత్రం లేదా? అందరికంటే ముందు, అంచున, పీట మీద మా అత్త. పక్కన నేను.

నీలం బస్సు డ్రైవరు వచ్చి చూశాడు. తన రంగు, తన పట్టీ, దాని మీద నిండా జనం. ఆ మనిషి ముఖం వెలిగిపోవడం ఇప్పటికీ నాకు కళ్ల ముందుంది. కుంటామె అరుగును దాటిపోయినవాడు, నీలం బస్సు అరుగు అనేసరికి వెనకా ముందూ చూసుకుంటూ బండిని తెచ్చి ఆనించి నిలబెట్టాడు. సందులో చెయ్యి కూడా పట్టదు.

అప్పుడు కండక్టరు తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. "నువ్వుండమ్మా, బోణీ కానీ" అన్నాడు.

మా అత్త పై మెట్టు మీద అరచెయ్యి ఆనించింది. గొంతు పెంచలేదు. "అప్పా, నీ రంగు పూసినాను, నీ బస్సుకు జనాన్ని కూర్చోబెట్టినాను. నా బోణీ వద్దంటావా, ఈ పొద్దే దీనికి పసుపు పూస్తా. డబ్బా ఇంట్లోనే ఉండాది" అంది.

మా ఇంట్లో పసుపు రంగు డబ్బా లేదు. పసుపు బస్సు అప్పటికే వెనక వచ్చి హారన్ కొడుతోంది. నేను నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను.

కండక్టరు ఆడవాళ్లను ఎక్కమన్నాడు. ఒక్కరూ లేవలేదు. పెరుగు కుండ ముసలమ్మ కాళ్లు చాపుకుని, "ఆ యమ్మ ఎక్కినాకనే మేము ఎక్కేది. మాకేం తొందర లేదు" అంది. ముందు నుంచి డ్రైవరు, "ఎక్కించుకో పా, వాడు జనాన్ని లాగేస్తాడు" అని అరిచాడు. కండక్టరు ఆమెను ఎత్తడానికి వంగాడు.

"ఎత్తాల్సిన పని ల్యా. చెయ్యి తియ్యి, చాలు" అంది మా అత్త.

తీశాడు. ఆమె తన చేతుల మీద తాను లోపలికి జరిగి, పీటను లాక్కుని, మొదటి సీటు పక్కన కూర్చుని, మొదటి టికెట్టు తీసుకుంది. ఆ రోజు బస్సు ప్రొద్దుటూరిదాకా నిలబడే చోటు లేకుండా పోయింది. అరిష్టం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బడిగంట కొట్టకముందే మా అత్త తరగతిలో ఉంది. ఎన్నో ఏళ్లు అలాగే ఉంది, పెద్ద పంతులమ్మ అయిందాకా.

తర్వాత పసుపు బస్సు వాళ్లు వచ్చి అరుగులో సగం మాకూ ఇమ్మని అడిగారు. ఆనించి ఆపే షరతు మీద మా అత్త ఇచ్చింది. ఆ తర్వాత సర్కారు ఎర్ర బస్సులొచ్చాయి, రోడ్డు వెడల్పులో అరుగు పోయింది. మా అత్తా పోయింది. తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది, దానితోపాటు కొంచెం పొగరూ వస్తుంది. ఆ పొగరు నాకు ఆమె ఇచ్చిందే.

నేనిప్పుడు పులివెందులలో ఉంటాను. మోకాళ్లు పూర్తిగా పోయాయి. మొన్న బస్టాండులో డ్రైవరు గట్టుకు అంత దూరంగా బండి ఆపాడు. కండక్టరు, మంచి పిల్లవాడే, అవ్వా నేను ఎత్తుతాలే అని వచ్చాడు. వద్దు నాయనా, బస్సునే గట్టు కాడికి తెమ్మను అన్నాను. లోపల జనం విసుక్కున్నారు. విసుక్కోనీ. చేతికర్ర గట్టు మీద ఆనించి నిలబడ్డాను. నేను గట్టు దిగలేదు. బస్సే వెనక్కి వచ్చింది.