ఎనిమిది కుంకుమ బొట్లు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో కొందరికి ప్రేమ పుడుతుంది, కొందరికి కవిత్వం పుడుతుంది. నాకు అనుమానం పుట్టింది. పాలు పోసేవాడి మీద, బస్సు కండక్టరు మీద, చివరికి మా గోడ గడియారం మీద కూడా అనుమానమే. (ఈ జబ్బుకి మందుందని పెళ్ళయ్యాక తెలిసింది. మనకంటే ఎక్కువ అనుమానించే మనిషి ఇంట్లో ఒకరుంటే చాలు.) డిగ్రీ అయిపోయి గాలికి తిరుగుతున్న నన్ను మా పెదనాన్న కడియం దగ్గర తన ఇంటి పక్కనే ఉన్న మొక్కల నర్సరీకి తీసుకెళ్ళి, "ఒరేయ్, ఇక నుంచి వ్యాను సంగతి నువ్వు చూసుకో" అన్నాడు. మొక్కలు సరిగ్గా ఎక్కాయో లేదో చూడమని ఆయన ఉద్దేశం. డ్రైవరుని ఓ కంట కనిపెట్టమన్నాడని నాకు అర్థమైంది.

మాది పికప్ వ్యాను. దాని డ్రైవరుకి యాభై దాటాయి, మా పెదనాన్న దగ్గర పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. భుజం మీద ఎప్పుడూ ఓ పాత గుడ్డ వేసుకుని, కనిపించినదల్లా తుడుస్తూ ఉండేవాడు గనక నర్సరీలో అందరూ ఆయన్ని తుడుపుల బాబాయి అనేవారు. ఆదివారం ప్రార్థనకి వెళ్ళాలి కాబట్టి, ప్రతి శనివారం మధ్యాహ్నమే వ్యాను ముందు భాగానికి గ్రీజు కొట్టేవాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, కింద గోనెసంచి పరుచుకుని దూరేవాడు. స్టీరింగు తిప్పితే కదిలే కీళ్ళన్నిటికీ శనగగింజంత ముక్కులు ఉంటాయి. మెకానిక్కులు నిపిల్ అంటారు. గ్రీజు గన్ను మూతి దానికి తగిలించి కొడితే కొత్త గ్రీజు లోపలికెళ్ళి, పాత నల్లటి గ్రీజు అంచుల్లోంచి బయటికొస్తుంది. మా వ్యానుకి అలాంటివి ఎనిమిది. ఇదంతా నాకెలా తెలుసంటారా? వ్యానుతో పాటు ఇచ్చిన పుస్తకం చదివాను. (ఆ పుస్తకాన్ని మా జిల్లా మొత్తం మీద చదివిన మొదటివాణ్ణి నేనేనని ఇప్పటికీ నా నమ్మకం.)

అసలు చిక్కు అక్కడే వచ్చింది. బాబాయి పని ముగించుకుని బయటికొచ్చాక నేను వంగి చూస్తే ఎక్కడా గ్రీజు చుక్క కూడా కనబడేది కాదు. గ్రీజు కొట్టిన చోట గ్రీజు ఉండాలా వద్దా? అదే అడిగాను.

"తుడిచేశానండి బాబుగారూ. పైన వదిలేస్తే దుమ్ము పట్టుద్దండి. గ్రీజు లోపలుండాలి గానీ పైనెందుకండి?" అన్నాడు.

దొంగయినా ఇదే జవాబు చెబుతాడు కదా అనుకున్నాను. పైగా నేను దగ్గరికెళ్తే, "చొక్కా పాడవుద్దండి, అవతలుండండి" అనేవాడు. నేనెందుకు అవతలుండాలి? ఏం దాస్తున్నాడు? ఆపైన నేను తిప్పినప్పుడల్లా స్టీరింగు బండరాయిలా కదిలేది కాదు. (నాకప్పటికి డ్రైవింగు రాదు. ఆగి ఉన్న బండిలో కూర్చుని తిప్పేవాణ్ణి. ఆగిన బండికి స్టీరింగు బరువుగానే ఉంటుందన్న సంగతి ఆ పుస్తకంలో లేదు మరి.)

సోమవారం ఆయిల్‌పామ్ మొక్కలు వేసుకుని జంగారెడ్డిగూడెం వెళ్ళాలి. పెదనాన్న కూడా అదే బండిలో వెళ్తున్నాడు. దారిలో కీలు పట్టేసి స్టీరింగు తిరక్కపోతే? తలుచుకుంటే నాకు నిజంగానే నిద్ర పట్టలేదు. ఈ మనిషి మా పెదనాన్నని చంపేలా ఉన్నాడు, పట్టిచ్చి తీరాలనుకున్నాను.

శుక్రవారం మా పెద్దమ్మ పెరట్లో ఉన్నప్పుడు దేవుడి గదిలో భరిణె తెరిచి కాస్త కుంకుమ తీశాను. కొబ్బరినూనె చుక్కతో కలిపి, వ్యాను కింద దూరి, ఎనిమిది నిపిళ్ళకీ ఎనిమిది బొట్లు పెట్టాను. గన్ను తగిలిస్తే బొట్టు పోవాలి. పోలేదంటే గ్రీజు కొట్టనట్టే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం బాబాయి మామూలుగానే దూరాడు, మామూలుగానే లేచాడు. "అయిపోయిందండి" అన్నాడు. ఆదివారం ఆయన ప్రార్థనకి వెళ్ళగానే నేను టార్చిలైటు పట్టుకుని కింద దూరాను. ఎనిమిదికి ఎనిమిది బొట్లూ అలాగే ఉన్నాయి! గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. నా చేతి పనేనా ఇది అని ముచ్చటేసింది కూడా.

సోమవారం పొద్దున్న లోడు ఎక్కించిన కూలీలందరి ముందూ నోరు విప్పాను. "పెదనాన్నా, ఈ బండి ఎక్కకు. ఈయన గ్రీజు కొట్టడం లేదు. కొట్టానని అబద్ధం ఆడుతున్నాడు. నా దగ్గర సాక్ష్యం ఉంది."

బాబాయి మొహం నల్లబడిపోయింది. జేబులోంచి తాళాలు తీసి బానెట్టు మీద పెట్టాడు. "ఇన్నేళ్ళలో ఈ గుమ్మంలో నన్నెవరూ అబద్ధాలకోరనలేదండి. నేనెళ్ళొస్తానండి" అన్నాడు.

"ఉండవయ్యా" అని పెదనాన్న నా వైపు తిరిగాడు. "ఏంట్రా ఆ సాక్ష్యం?"

బొట్ల కథంతా గర్వంగా చెప్పాను. వింటున్నకొద్దీ బాబాయి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆ బొట్లు మీరు పెట్టారా! అమ్మగారు పూజ చేసి పెట్టించారనుకున్నానండి. చెరిపితే గానీ గన్ను తగలదాయె. నేను చర్చికెళ్ళేవోణ్ణే అయినా, ఇంటి ఆడవాళ్ళు పెట్టిన బొట్టు చెరిపేసి ఊరుకుంటానా అండి? గ్రీజు కొట్టి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టానండి."

వీధిగుమ్మంలో నిలబడి వింటున్న మా పెద్దమ్మ, "అవునురా! శనివారం నా దగ్గర కుంకుమ అడిగి పట్టుకెళ్ళాడు. ఈయనకెందుకా అనుకున్నా. అయితే అంతకుముందు నా భరిణెలో కుంకుమ తీసింది నువ్వన్నమాట!" అంది.

కూలీలు పగలబడి నవ్వారు. పెదనాన్న మాత్రం నవ్వలేదు. గ్రీజు గన్ను తెచ్చి నా చేతిలో పెట్టి, దూరమన్నాడు. ఇస్త్రీ చొక్కాతోనే దూరాను. ఒక్కసారి కొట్టానో లేదో, కీలు అంచులోంచి తాజా గ్రీజు వెన్నలా పొంగింది. ఎనిమిదింటికీ అదే వరస. బయటికొచ్చి, బానెట్టు మీది తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. "తప్పయిపోయింది బాబాయ్" అన్నాను.

ఆయన తాళాలు తీసుకుని, భుజం మీది గుడ్డతో నా మొహం మీది గ్రీజు తుడిచాడు. "అడిగితే చూపించేవోణ్ణి కదండి బాబుగారూ. చొక్కా పాడవుద్దన్నాను గానీ, చూడొద్దన్నానా?" అన్నాడు.

ఇప్పుడు నాకు కారుంది. సర్వీసుకిస్తే కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. మొన్న, "ముందు కీళ్ళకి గ్రీజు కొట్టారా?" అనడిగితే, "అన్నీ సీలు వేసేసి వస్తున్నాయి సార్, కొట్టే పనే లేదు" అన్నాడు అక్కడి కుర్రాడు. నమ్మి సంతకం పెట్టాను. తిరిగొస్తూ ఆ ఆదివారం టార్చి వెలుగులో చూసిన బొట్లు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. నేను పెట్టినవి వంకరటింకరగా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా ఉండాలి. నాకు చిన్నప్పటినుంచీ సున్నా కూడా గుండ్రంగా రాదు. ప్రపంచంలో అన్నిటినీ అనుమానించినవాణ్ణి, అంత చక్కటి బొట్లు నావేనా అని మాత్రం అనుమానించలేదు.