నాగమ్మ గారూ, బండి బయలుదేరింది

నోరు జారి కొంపలు ముంచేవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను నోరు మెదపకుండానే ఒక నిండు చూలాలిని యముడి వాకిట్లో నిలబెట్టినంత పని చేశాను. చెబుతాను వినండి. ఫోను మాత్రం కాస్త దూరంగా పెట్టుకోండి.

మా అమ్మాయి సుజాత ఆదోనిలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు పని చేస్తుంది. రోగులను ఆసుపత్రికి చేర్చే బండ్ల కంపెనీ అది. ఆసుపత్రుల కంప్యూటర్లు వీళ్ళ కంప్యూటరును బండి అడగాలంటే ఏ మాట ఎట్లా అడగాలో, ఏం జవాబు వస్తుందో పుస్తకంలా రాసిపెట్టడం దాని కొలువు. ఏపీఐ అంటారట.

"ఏపీ అంటే మనమే కదే, వెనకాల ఆ ఐ ఎవరు?" అన్నాను.

"అమ్మా, అంగడి ముందర బోర్డు అనుకో. లోపల సరుకు మారితే బోర్డూ మార్చాల. లేకుంటే నమ్మి వచ్చినోళ్ళు తిట్టిపోతారు. ఉదాహరణలో రోగిదని రాయనీకి ఎవరూ వాడని నంబరు ఒకటి సెప్పు."

నేను బడికి పోయింది రెండేళ్ళే. కానీ చుట్టాల నంబర్లన్నీ నా నాలుక మీదే ఉంటాయి. చనిపోయిన మా అత్త నాగమ్మ నంబరు గడగడా అప్పజెప్పాను. పేరూ నంబరూ రెండూ పుస్తకానికెక్కాయి. బతికుండగా వేలిముద్ర వేసిన మనిషికి ఎంత యోగం!

రెండు నెలలకు మా ఆడబిడ్డ లక్ష్మి కూతురు పురిటికని ఎమ్మిగనూరులో మగ్గం నేసే పుట్టింటికి వచ్చింది. అవ్వ పేరే పెట్టారు కనుక అదీ నాగమ్మే. వచ్చిన రోజే దాని ఫోను నూలు రంగుల తొట్టిలో పడింది. నేను జాలిపడి, పెట్టెలో ఉన్న మా అత్త ఫోను బాగుచేయించి, రీచార్జి కూడా చేయించి ఇచ్చాను. ముప్పై ఏళ్ళ కిందటి పెళ్ళిలో ఎవరి విస్తట్లో అప్పడం పడలేదో చెప్పగలను. ఈ ఒక్క సంగతి సుజాతకు చెప్పలేదు.

ఫోను ఇచ్చిన మూడో రోజు వాళ్ళను చూడబోయాను. మిట్టమధ్యాహ్నం. మగ్గం ఆగి ఉంది. ఫోను మోగింది.

"నాగమ్మ గారూ, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి మా వాహనం బయలుదేరింది. సిద్ధంగా ఉండండి."

ఆ గొంతులో ఊపిరి లేదు.

"మూడు దినాల నుంచి ఇదే వదినా," లక్ష్మి గుసగుసలాడింది. "సచ్చిపోయిన మా యమ్మను పిలుస్తాండారు."

"అవ్వ పోయింది కదమా. ఇంగ నాగమ్మంటే నేనే," అంది పిల్ల, కడుపు పట్టుకుని.

మళ్ళీ మోగింది. "నాగమ్మ గారూ, మీ తలుపు దగ్గర ఉన్నాము."

ధైర్యంలో నన్ను మించినవాళ్ళు లేరు కనుక, లక్ష్మిని ముందు నిలబెట్టి దాని భుజం మీదుగా తలుపు తీశాను. వీధంతా ఎండ. మనిషి జాడ లేదు. గడప ముందు పడుకున్న కుక్క లేచి, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు జరిగి, మళ్ళీ పడుకుంది. ఫోనుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాను. అది మిరపకాయలతో సహా మోగింది.

అంతలో పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. ఆదోని ఆసుపత్రికి పోను ఆటో వచ్చింది. నాగమ్మ మగ్గం గుంజను కౌగిలించుకుంది.

"నేనెక్కనత్తా! అది ఏ బండో ఎవరికి తెలుసు?"

"అక్కా, నాది ఉత్త ఆటోనే," అని డ్రైవరు తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేసినా పిల్ల గుంజ వదల్లేదు. పెదవులు తెల్లబడుతున్నాయి. నాకు నిజంగా ఏడుపొచ్చింది. సుజాతకు ఫోను చేశాను.

"యముడు మీ అవ్వ ఫోనుకు చేస్తాండాడే! నాగమ్మ బండెక్కకుండాది!"

"ఆ ఫోను వాడతాండారా? పోయినామె నంబరని సెప్పినావు కదమ్మా!"

"పోయింది ఆమె. నంబరు యాడికి పోతాది?"

సుజాత వెంటనే "స్పీకరు పెట్టు" అంది. "వదినా, అది యముడు కాదు, మా పుస్తకం. చదివిన ఆసుపత్రోళ్ళంతా పని చేస్తాందో లేదో అని అవ్వ పేరూ నంబరూ ఉండే ఆ ఉదాహరణనే ఉన్నదున్నట్టు నొక్కి చూస్తాండారు. ఉత్త పరీక్షే కదా, బండి రాదు, రోగి నంబరుకు కబురే వస్తాది. నీకు ఫోనిచ్చిన సంగతి మా యమ్మ నాకు సెప్పల్యా."

నాగమ్మ నొప్పిలోనే నా వైపు తిరిగింది. "అత్తా, కాన్పు కానీ, నీ కత సెప్తా," అని గుంజ వదిలి ఆటో ఎక్కింది. కోపంలో అంత బలం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. పేరు మాత్రం నాగమ్మ కాదు. సుజాత ఆ గంటలోనే పుస్తకంలో నంబరు మార్చింది.

కనుక ఆదోని కొండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి నంబరు అడిగినా ముందు నేనే నొక్కి, ఎవరు ఎత్తుతారో విని, ఆ తర్వాతే చెబుతాను. మా అత్తే ఎత్తితే ఏం చేయాలో మాత్రం సుజాత పుస్తకంలో ఇంకా రాయలేదు.