ముట్టుకున్న ఒంటె

చదరంగం మీద నేను రాసిన పుస్తకాలు నలభై మూడు. అరవై నాలుగు గడుల మీద అన్ని పుస్తకాలు రాయడానికి ఏముంటుందని అడిగేవాళ్ళున్నారు. మా ఆవిడ అడగడం మానేసి చాలా కాలమైంది. "పిల్లల్ని ఇద్దరితో ఆపినాం గానీ, ఈయన పుస్తకాలకు ఆపరేషన్ లేకపాయె" అని ఒకసారి చుట్టాల ముందే అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అన్నీ కర్నూలులో అచ్చయినవే. బంటును ఎలా నడపాలన్న దగ్గర మొదలుపెట్టి, చివర్లో ఒక్క ఏనుగుతో ఎలా ఆటకట్టించాలన్న దాకా రాశాను. ఈ సీమలో తెలుగులో చదరంగం నేర్చుకోవాలనుకునే వాడికి నా పుస్తకమే దిక్కని నాకు గర్వం. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి.

అన్ని పుస్తకాలు ఎందుకు రాశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు నిండకుండానే పోటీల్లో ఆడడం మానేశాను. కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం, తీరిక దొరకడం లేదు అనేవాణ్ణి. తీరిక లేనివాడు నలభై మూడు పుస్తకాలు ఎలా రాశాడని ఎవరూ అడగకపోవడం నా అదృష్టం. నిజమేమిటంటే, రాసేటప్పుడు పావును చేత్తో ముట్టుకోనక్కర్లేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క నియమం చెప్పాలి. పోటీలో కూర్చున్నాక, ఏ పావు మీద వేలు పడితే ఆ పావునే కదపాలి. మనసు మార్చుకొని ఇంకో పావు ఎత్తడానికి లేదు. పావు గడిలో పక్కకు జరిగి ఉంటే సర్దుకోవచ్చు గానీ, సర్దుతున్నానని ముందు నోటితో చెప్పి, ఆ తర్వాతే వేలు పెట్టాలి. వేలు పెట్టాక చెబితే చెల్లదు. పసిపిల్లలకు కూడా మొదటి రోజే చెప్పే మాట ఇది. నా పుస్తకాల్లో తొమ్మిదింటిలో ఉంది.

నలభై ఏళ్ళ కిందట కర్నూలు, కడప జిల్లాలకు కలిపి కడపలో ఒక స్కూలు హాల్లో పోటీ పెట్టారు. చివరి ఆటకు నేను, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన మిగిలాం. గెలిచినవాడు రాష్ట్ర పోటీకి పోతాడు. మాది కోయిలకుంట్ల దగ్గర, భూములున్న ఇల్లు. చూడడానికి వచ్చినవాళ్ళలో సగం మంది మా వాళ్ళే. తీర్పు చెప్పడానికి ఆట పెద్దగా కూర్చున్నాయన మా ఇంట్లో అన్నం తిన్న మనిషి. అటువైపు ఆయన ఒక్కడే వచ్చాడు. నైట్ డ్యూటీ దిగి, బస్సెక్కి నేరుగా వచ్చాడట. గోళ్ళ సందుల్లో సిమెంటు బూడిద అలాగే ఉంది. ఎంత కడుక్కున్నా పోదేమో.

"ఏమప్పా, మొదలు పెడదామా?" అన్నాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడు.

ఇరవై ఎత్తుల దాకా సమంగా నడిచింది. తర్వాత నాకొక బంటు ఊరికే దొరికినట్టు కనిపించింది. నా ఒంటెతో దాన్ని కొట్టవచ్చు. పుస్తకాల్లో శకటు అని రాస్తాను గానీ, ఆడేటప్పుడు మా వైపు అందరికీ అది ఒంటే. చెయ్యి చాపి ఒంటె తల పట్టుకున్నాను. పట్టుకున్న క్షణంలోనే చూశాను. ఒంటె ఆ గడి వదిలితే అది కాపలా కాస్తున్న గడిలోకి ఆయన గుర్రం దూకుతుంది, నా రాజు మీదా ఏనుగు మీదా ఒకేసారి పడుతుంది. ఒంటెను ఎటు కదిపినా ఆట పోయినట్టే.

వేళ్ళు తియ్యలేదు. ఒంటెను గడి మధ్యకు ఒకింత జరిపి, "సర్దుతాండా" అన్నాను.

ఆయన తలెత్తి నా ముఖం చూశాడు. కోపంగా కాదు. ఏదో అడగబోతున్నట్టు పెదవి కదిలింది. ఆట పెద్ద వైపు చూశాడు, ఆయన కిటికీ దగ్గర మా చిన్నాన్నతో మాట్లాడుతున్నాడు. హాలంతా ఒకసారి చూశాడు. తర్వాత బల్ల మీదికి తల దించుకున్నాడు. నేను ఏనుగును కదిపాను. ఇంకో పదిహేను ఎత్తులకు ఆయన ఓటమికి గుర్తుగా తన రాజును పడుకోబెట్టి, చెయ్యి కలిపి, ఎత్తులు రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. రాష్ట్ర పోటీలో నేను మొదటి రెండు ఆటలూ ఓడి ఇంటికొచ్చాను. ఆయన్ను మళ్ళీ ఏ పోటీలోనూ చూడలేదు. కనిపిస్తాడేమోనన్న చోటికి నేనూ పోలేదు.

ఎత్తులు రాసే పద్ధతిలో అన్నిటికీ గుర్తులున్నాయి. కొట్టడానికి ఒకటి, రాజుకు చెక్ పెట్టడానికి ఒకటి, మంచి ఎత్తుకు ఆశ్చర్యార్థకం, చెడ్డ ఎత్తుకు ప్రశ్నార్థకం. పావును ముట్టుకొని వదిలేసినందుకు గుర్తు లేదు. కాబట్టి ఆ కాగితం చూసినవాడెవడికీ అది మచ్చలేని ఆటే. పైగా నేను ఆడినవాటిలో అందమైన ఆట. నా మొదటి పుస్తకంలోనే వేశాను. వేయకపోతే ఎందుకు వేయలేదని అడుగుతారేమోనని భయం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివాళ్ళకు కూడా జవాబు సిద్ధం చేసుకునే బతుకైపోయింది నాది. ఆయన పేరు మాత్రం వేయలేదు. 'ఎర్రగుంట్ల ఆటగాడు' అని వేశాను. ఏనుగు ఎత్తుకు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి, 'తెలుపుకు ఉన్న ఒకే ఒక్క దారి, నిబ్బరంగా కనిపెట్టాలి' అని కింద నేనే రాసుకున్నాను. ఆ ఆట తర్వాత ఇంకో రెండు పుస్తకాల్లోకి ఎక్కింది. ఎక్కిన ప్రతిసారీ ఆ వాక్యాన్ని మళ్ళీ చదివి, తప్పులు దిద్ది, ప్రెస్సుకు పంపాను.

నేను దయ్యాలను నమ్మను. కానీ పుస్తకం రాసేవాడు తెలుపూ నలుపూ రెండూ తానే ఆడాలి. మధ్యాహ్నం పూట కర్నూలు ఎండకు తలుపులన్నీ మూసి, బల్ల ముందు కూర్చుని పావులు పరుస్తాను. తెలుపు ఎత్తు వేస్తాను. నలుపు వంతు రాగానే, ఎదురుగా ఎవరో నా చేతిని చూస్తున్నట్టు ఉంటుంది. ముఖం కాదు, నా వేళ్ళనే. ఏ పుస్తకమైనా, ఏ ఆటైనా ఇంతే. ఒంటెను కదపాల్సి వస్తే, గది ఖాళీగా ఉన్నా సరే, దాన్ని ఎత్తేముందు గొంతు సవరించుకొని ఎత్తు పైకి చెబుతాను. మా ఆవిడ రెండు మూడుసార్లు తలుపు తీసి, "ఎవరితో మాట్లాడతాండావు?" అని అడిగింది. పిల్లలకు చెప్పే పాఠం అన్నాను. చచ్చినవాళ్ళే పీడిస్తారని ఎవరన్నారో గానీ, ఆ మనిషి అప్పుడు ఎర్రగుంట్లలో సుబ్బరంగా బతికే ఉన్నాడు. బస్సెక్కితే సాయంత్రానికి ఆయన ముందు నిలబడవచ్చు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు.

పోయిన ఏడాది కడపలో ఒక చదరంగం పోటీకి బహుమతులివ్వడానికి నన్ను పిలిచారు. అయిపోయాక, నడివయసు మనిషి ఒకాయన నా పుస్తకం పట్టుకొని సంతకానికి వచ్చాడు. ఆ ఆట ఉన్న పేజీ తెరిచి చూపించాడు.

"ఈ ఎర్రగుంట్ల ఆటగాడు ఉండాడే సార్, మా ఫ్యాక్టరీలోనే చేసినాడు. నాకు ఆట నేర్పింది ఆయప్పే. పోయిన నెల పోయినాడు. ఊపిరితిత్తులు సార్, దుమ్ముకు."

ఈ ఆట గురించి ఆయన ఏమైనా చెప్పేవాడా అని అడిగాను. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుని ఉండాలి, నేను అదీ చేతకాక అడిగాను.

"చెప్తాండె సార్. అది వద్దులే. పెద్దోళ్ళు మీరు." సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "ఓడిపోయినోళ్ళు ఏదో ఒకటి చెప్తారు గదా. మేమందరం నవ్వుతాంటిమి."

ఆ శిష్యుడు నవ్విన నవ్వు నాతో కర్నూలు దాకా వచ్చింది. మనిషి పోయాడు కాబట్టి ఇక నా చేతిని చూసేవాడు లేడనుకున్నాను. మరునాడు బల్ల ముందు కూర్చుంటే నలుపు ఎత్తు ఒక్కటి కూడా వేయలేకపోయాను. వారం రోజులు అలాగే గడిచాక, ఆ శిష్యుడి దగ్గర చిరునామా తీసుకొని, ఒక శనివారం ఎర్రగుంట్ల బస్సెక్కాను. చెప్పాల్సిన వాక్యాన్ని దారి పొడవునా లోలోపల వల్లెవేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, నాకు తెలుసు.

రైలు కట్టకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు. ముందర నాపరాళ్ళ అరుగు. అందులో ఒక బండ మీద ఉలితో చదరంగం గడులు చెక్కి ఉన్నాయి. దాని మీదే కూర్చుని ఆయన భార్య చెనిక్కాయలు వొలుస్తోంది. నేనెవరో చెప్పగానే లేచి, చేతులు తుడుచుకొని, నాకు కుర్చీ వేయించింది. గోడ మీద ఆయన ఫోటో, దాని కింద బైబిల్ వాక్యం. నేను నోరు తెరిచేలోపే ఆమె మాట్లాడింది.

"మీరు రావడం శానా పెద్ద మాట సార్. నేనే మీకు జాబు రాపిద్దామనుకుంటి. ఆయప్ప మీ మీద ఒక నింద వేసినాడు. నలభై ఏండ్లు అదే మాట. మీరు ఒంటెను ముట్టుకొని వదిలేసినారని, తను గెలవాల్సింది పోయిందని. అడగకపోతివా అంటే, ఆ హాల్లో నా మాట ఎవురు నమ్ముతారు అంటాండె. నేను నమ్మలేదు సార్. అన్ని పుస్తకాలు రాసినాయన అట్ల చేస్తాడా? పిల్లోళ్ళు గూడా ఎగతాళి చేస్తాండ్రి."

నేను మధ్యలో అందుకోబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"చెప్పనీ సార్. కడాకు మంచం పట్టినాక, పాస్టరయ్య, సంఘమోళ్ళు ప్రార్థనకు వచ్చిన్యారు. నేనే బతిమాలినా. దేవుని దగ్గరికి పోతాండావు, ఆ ఒక్క అబద్ధం ఒప్పుకో, మంచి మనిషి మీద వేసిన నింద మోసుకొని పోవద్దు అని. రెండు దినాలు మాట్లాడలా నాతో. మూడో దినం అందరి ముందర ఒప్పుకున్న్యాడు. అబద్ధం చెప్పినా, క్షమించు ప్రభువా అన్న్యాడు. నాలుగో దినం పోయినాడు. మీరు గూడా క్షమించాల సార్."

ఆమె రెండు చేతులూ జోడించింది. నేను రోజూ దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి కాదు, అయినా ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది. అవును తల్లీ, క్షమించాను అనేస్తే ఆమె ప్రశాంతంగా ఉంటుంది, నేను బస్సెక్కుతాను, ఆయన చచ్చాక కూడా అబద్ధాలకోరుగా ఉండిపోతాడు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది, కొంచెంసేపు నిలిచింది కూడా.

"ముట్టుకున్న్యానమ్మా," అన్నాను. "ఆయన చెప్పింది నిజం."

ఆమె చేతులు అలాగే జోడించి ఉన్నాయి. లోపల ఎవరో టీవీ ఆపారు.

"మళ్ళా చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను. ఎట్లా పట్టుకున్నానో, ఎందుకు సర్దినట్టు నటించానో, ఆయన తలెత్తి ఎట్లా చూశాడో అంతా చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. అరుగు మీద కూర్చుని ఆ చెక్కిన గడుల వైపు చాలాసేపు చూసింది.

"నిజం చెప్పే మనిషితో అబద్ధం ఆడించి పంపినా," అంది చివరికి, తనకు తాను చెప్పుకున్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది. "రేపు ఆదివారం. ఆయప్ప అందరి ముందర ఒప్పుకున్న్యాడు. నువ్వు గూడా అందరి ముందర సాక్ష్యం చెప్పు. పొద్దున పది గంటలకు. ఈడనే చర్చి, ఆ సందు చివర."

వస్తానన్నాను. రాత్రికి ఎర్రగుంట్లలోనే లాడ్జిలో ఉంటానన్నాను. బస్టాండు దాకా నడిచాక కర్నూలు బస్సు నిలబడి ఉంది. ఎక్కాను. నలుగురి ముందు నిలబడి మాట్లాడడం నాకు కొత్తేమీ కాదు, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఒక్క ఇంటి ముందు చెప్పడంతో నా బరువు దిగుతుందనుకున్నాను, అంతే. పిరికితనానికి ఇంకో పేరు వెతకడం అనవసరం.

సోమవారం పొద్దున ఆ శిష్యుడు ఫోన్ చేశాడు. గొంతులో పాత మర్యాద లేదు.

"ఆయమ్మ నిన్న ముందు వరసలో మీకు కుర్చీ వేయించింది సార్. ఆరాధన అయిపోయేదాకా ఎవర్నీ కూచోనీలా. పాస్టరయ్య ఎవురి కోసమమ్మా అంటే, సాక్ష్యం చెప్పేటాయన వస్తాండాడు అనింది."

ఫోన్ పెట్టేముందు ఆయనే అన్నాడు.

"వచ్చే వారం గూడా వేయిస్తానంటాంది."