బామ్మర్ది గ్రాఫిక్స్ కార్డు

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే, కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ ఆ ఉద్యోగి చెప్పినట్టు వింటుందని జనం నమ్మేవారు. మేనత్త ఇంట్లో మిక్సీ ఆగిపోతే నాకు కబురు వచ్చేది. పక్కింటి టీవీలో బొమ్మ గంతులేస్తే నన్నే పిలిచేవారు. ఒకసారి ఎవరిదో పెళ్లిలో మైకు కీచుమంటుంటే భోజనాల పంక్తిలోంచి నన్ను లేపి తీసుకెళ్లారు (నేను చేరేసరికి అదే ఆగింది; ఆ పేరూ నాకే వచ్చింది). నిజానికి నేను చేసే పని, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఒక బ్యాంకు యంత్రానికి నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కొట్టి పంపడం. కంప్యూటర్ పెట్టె లోపల ఏముంటుందో ఏనాడూ చూసినవాణ్ని కాదు. రోజూ రైలెక్కేవాడికి ఇంజను గురించి ఎంత తెలుసో, నాకు కంప్యూటర్ గురించి అంతే తెలుసు.

అలాంటి నాకు ఉప్పుగూడలో పెళ్లిచూపులు కుదిరాయి. మాది గుంటూరు వైపు. నాన్న గవర్నమెంటు ఉద్యోగం పుణ్యమా అని హైదరాబాదు వచ్చి పడ్డాం. అమ్మాయివాళ్లు తాతల కాలం నుంచీ పాతబస్తీవాళ్లు. తండ్రి రైల్వేలో గుమాస్తా, అమ్మాయి ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. రెండు వైపులా తెలిసిన ఒక పెద్దమనిషి ఈ సంబంధం చెప్పాడు. మా అమ్మకు ఒక్కటే బెంగ: "వాళ్ల మాటే వేరుగా ఉంటుందిరా. రేపు ఏదైనా అంటే తిట్టారో మెచ్చుకున్నారో ఎట్లా తెలుస్తుంది?" అవతలి ఇంట్లోనూ మా భాష గురించి ఇదే బెంగ ఉండేదని తర్వాత తెలిసింది. అందువల్ల ఆ సాయంత్రం అందరూ ఒకరినొకరు చాలా మర్యాదగా చూసుకుంటూ, తక్కువ మాట్లాడుతూ, మిర్చి బజ్జీలు మాత్రం ఎక్కువగానే తిన్నారు. అమ్మాయి చాయ్ తెచ్చి ఇచ్చి కూర్చుంది. నేను చూసినప్పుడు ఆమె చూడలేదు. ఆమె చూసినప్పుడు నేను చూడలేదు.

అప్పుడు అమ్మాయి తమ్ముడు నోరు విప్పాడు. డిగ్రీ చదువుతున్నాడు. ఎప్పుడూ జుట్టు నున్నగా కత్తిరించుకునేవాడు కాబట్టి ఇంటా బయటా అతని పేరు గుండు.

"బావా, నా కంప్యూటర్ల గేములు ఆడుతుంటే బొమ్మ ఆగి ఆగి నడుస్తున్నది. గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలె. తక్కువ పైసలల్ల ఏది మంచిగుంటదో జర చెప్పవా?"

'బావా' అన్న మాటకు గదిలో అందరూ బిగుసుకున్నారు. ఇంకా ఎవరూ ఎవరికీ ఏమీ కాలేదు. నేను పెద్దాయన వైపు, అంటే అమ్మాయి తండ్రి వైపు, తిరిగి ఉన్నమాట చెప్పాను. "నాకు ఆ సంగతులు తెలియవండీ. నేను చేసేది వేరే పని."

పెద్దాయన మొహం వెలిగిపోయింది. "చూసిండ్రా సార్," అన్నాడు మా నాన్నతో, "గంత నౌకరీ చేసుకుంట ఎంత అణకువనో! మా ఆఫీసుల కంప్యూటర్ ఆన్ చేసుడు వచ్చినోడు సుత మాతోని సక్కగ మాట్లాడడు."

"నిజంగానే తెలియదండీ."

"నేను అనేది గదే బాబూ."

ఆదివారం నేను గుండును వెంటబెట్టుకుని కార్డు కొనిపించేటట్టు, సంబంధం సంగతి ఆ తర్వాత మాట్లాడుకునేటట్టు పెద్దవాళ్లు తేల్చేశారు. అమ్మాయి ఒక్కతే నా వైపు అదోలా చూసింది. అది జాలో, మరొకటో అర్థం కాలేదు. దారిలో నాన్న "పోయి ఆ కార్డేదో ఇప్పించరా, ఏం పోయింది?" అన్నారు. (ఆయనకు తెలిసిన కార్డు రేషన్ కార్డు ఒక్కటే. అది కూడా సులువుగా దొరికేది కాదని ఆయనకు గుర్తు రాలేదు.)

మర్నాడు ఆఫీసులో హార్డ్‌వేర్ చూసే అతన్ని పట్టుకుని బతిమాలాను. "పెద్ద విషయమేం లేదు, మెమరీ ఎంతో చూడు, బోర్డు మీద అది దిగడానికి స్లాటు, అంటే గాడి, ఉందో లేదో చూడు" అని చెప్పి అతను టీకి వెళ్లిపోయాడు. ఆ రెండు ముక్కలూ మంత్రంలా వల్లె వేసుకుంటూ ఆదివారం మధ్యాహ్నం చాంద్రాయణగుట్టలో బస్సు దిగాను. గుండు అప్పటికే వచ్చి కాచుకుని ఉన్నాడు. చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని మరీ నడిచాడు. అది చూశాక నా భయం ఇంకాస్త పెరిగింది.

రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్ల వరసలో ఉంది ఆ దుకాణం. దాన్ని నడిపే భాయ్‌కి గుండు నన్ను పరిచయం చేసిన తీరు ఇలా ఉంది: "భాయ్, మా బావ. సాఫ్ట్‌వేర్. నువ్వు ఉల్టా సీదా చెప్తె నడువది."

భాయ్ లేచి నాకు కుర్చీ వేశాడు. బల్ల మీద రెండు పెట్టెలు పెట్టాడు. ఒక పెట్టె పెద్దది, దాని మీద నోట్లోంచి మంటలు కక్కుతున్న ఒక జంతువు బొమ్మ, పక్కన బంగారు రంగులో నూట ఇరవై ఎనిమిది అని మెమరీ లెక్క. ఇంకొకటి చిన్న పెట్టె, బొమ్మ లేదు, మూలన చిన్న అక్షరాల్లో అరవై నాలుగు. రెండింటి ధరా దాదాపు ఒకటే. గుండు కళ్లు మంటలు కక్కే జంతువు మీదే ఉన్నాయి. నా లెక్క ప్రకారం కూడా పెద్ద అంకె ఉన్నదే గొప్పది. అయినా అంత సులువైతే ఇంత దూరం నన్ను తీసుకురావడం ఎందుకని అనుమానం వచ్చి, పెద్ద పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాను. వెనక అచ్చువేసిన ప్రతి అక్షరమూ చదివాను. ఒక్క ముక్కా అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను.

భాయ్ నా మొహం చూస్తూ కాసేపు ఓపిక పట్టాడు. చివరికి నిట్టూర్చి, "సరే సాబ్, మీ తాన ఛుపాయించుడు ఎందుకు, దాస్తె దాగుతదా?" అన్నాడు. "అంకె పెద్దగుంటది గని దాన్ల మెమరీ స్లోగుంటది. పోరగాండ్లు డబ్బా చూసి కొంటరు, మేం అమ్ముతం. గేములకు ఈ చిన్నదే మంచిది. మీకు మాలూమే గదా!"

"నాకు తెలియదండీ," అన్నాను.

భాయ్ గట్టిగా నవ్వాడు. "సునా? ఏం తెలువదంట!" అని గుండుతో అంటూ, నేను అడగకుండానే ధర కొంచెం తగ్గించాడు. గుండు నన్ను ఒక మహర్షిని చూసినట్టు చూశాడు.

అప్పుడు నా రెండో మంత్రం గుర్తొచ్చింది. "మీ కంప్యూటర్లో దీనికి స్లాటు ఉందా?" అని గుండును అడిగాను. వాడికీ తెలియదు. దుకాణం ఫోన్ నుంచే వాళ్లింటికి చేయించాను. ఫోన్ ఎత్తింది వాళ్లక్క. గుండు "అక్కా, కంప్యూటర్ డబ్బా పక్కరేకు తియ్యి, బావ అడుగుతడు" అని రిసీవర్ నా చేతిలో పెట్టి తను మంటల జంతువుకు వీడ్కోలు చెప్పుకోవడానికి వెళ్లాడు. ఆ అమ్మాయితో నేను మాట్లాడిన మొదటి మాటలు అవే. భాయ్ చెబుతుంటే నేను పలికాను: "అదండీ... లోపల తెల్లటి పొడుగాటి గాడులు ఉంటాయట, వాటి పక్కన గోధుమరంగుది ఒకటి ఉందేమో చూస్తారా? ముందర స్విచ్చి ఆపేసి, ప్లగ్గు పీకెయ్యండి."

అవతల మరలు విప్పుతున్న చప్పుడు. తర్వాత గొంతు: "తెల్లయి ఉన్నయి. గోధుమరంగుది ఒకటున్నది, జర వెనుకకు. గదేనా?"

"అదే అనుకుంటానండీ."

ఆమె అడిగింది, "మీరు నిజంగనే ఎప్పుడు చూడలేదా దీన్ని?"

"లేదండీ. మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను."

"మావోళ్లు ఎవరు నమ్మలె," అంది. "నేను నమ్మిన."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే వినిపిస్తూ ఉంది. భాయ్ బిల్లు రాసింది, చిల్లర ఇచ్చింది నాకు సరిగ్గా గుర్తు లేదు.

మేం ఇల్లు చేరేసరికి గల్లీలో సగం మంది అక్కడే ఉన్నారు. ఐటీ అల్లుడు కంప్యూటర్ విప్పుతున్నాడని పెద్దాయన నలుగురికీ చెప్పినట్టున్నాడు (అల్లుడని కూడా చెప్పాడన్న సంగతి నేను అప్పుడు గమనించలేదు). కింద చాప మీద కూర్చుని, గోధుమరంగు గాడిలో కార్డును పెట్టి నొక్కాను. టక్కుమని కూర్చుంది. విరిగిందేమో అనుకున్నాను. విరగలేదు. తీగలన్నీ ఎక్కడివి అక్కడ పెట్టి స్విచ్చి వేశాను. కార్డు మీది బుల్లి ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

గుండు చెయ్యి ఖాళీ అయిన చొక్కా లోపలి జేబు మీదికి పోయింది. నెలల తరబడి చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పిన డబ్బు అది. పెద్దాయన గొంతు సవరించుకుని "బాబు ఆలోచన చేస్తుండు, లొల్లి చెయ్యకుండ్రి" అని చప్పుడే చెయ్యని జనాన్ని గదమాయించాడు. పెళ్లి సంగతి ఎలాగూ చెడింది, కనీసం ఆ కుర్రాడి డబ్బు నా జేబులోంచి ఇచ్చి ఇంటికి పోదామని మనసులో అనుకున్నాను.

అప్పుడు ఆమె వచ్చి పెట్టె వెనక వంగి చూసింది. నాకు మాత్రమే వినిపించేట్టు అడిగింది: "తెర వైరు యాడ పెట్టిండ్రు?"

"ముందు ఎక్కడుందో అక్కడే."

"గసొంటి రంధ్రమే కొత్త కార్డుకు సుత ఉన్నది గదా. బొమ్మ ఇంక గది చూపిస్తదేమో, పాతది కాదు."

వైరు తీసి కొత్త దానికి తగిలించింది. తెర వెలిగింది. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. గుండు నన్ను కౌగిలించుకున్నాడు. "నేను కాదండీ, మీ అమ్మాయి చేసింది" అని పెద్దాయనకు గట్టిగానే చెప్పాను. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "ఇగ చాలు బాబూ, మీ నాయినను రేపు ఓసారి రమ్మను, ముహూర్తం సంగతి మాట్లాడుకుందం" అన్నాడు. ఆమె తలుపు పక్కన చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

గుండు కార్ల పందెం ఆట పెట్టి మొదట నన్నే ఆడమన్నాడు. జన్మలో ఆ ఆట ఆడి ఎరుగను. కారు బయలుదేరింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు, రోడ్డు పక్క చెట్లు నీళ్లలా జారిపోతున్నాయి. కాసేపటికి గుండు "బావా, ఉల్టా పోతున్నవ్! అందరు ఎదురొస్తుండ్రు చూడు!" అని అరిచాడు. చూశాను. నిజమే. కానీ నా కుర్చీ వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. మల్లెపూల వాసన కూడా వచ్చింది. బండి తిప్పితే ఆట తొందరగా అయిపోతుంది, అయిపోతే లేచి ఇంటికి వెళ్లాలి. ఎదురొచ్చే బళ్లను తప్పించుకుంటూ, గల్లీ అంతా నవ్వుతుంటే, నేను అలాగే ఎంతో శ్రద్ధగా, ఎంతో సంతోషంగా కారును తప్పుదారినే పోనిచ్చాను.