దక్షిణం దర్వాజ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరు. పిల్లల కేంద్రాలకు ప్లాన్లు గీసే పనిలో అది కాస్త అక్కరకొస్తుంది. కిటికీ ఊచల మధ్య నా పిడికిలి దూరితే మేస్త్రీకి ఆ రోజు చీవాట్లే. ప్లగ్గు పిల్లల చేతికి అందేలా ఉంటే పీకించి పైకి పెట్టిస్తాను. అంతటి నేను దూలపల్లిలో ఒకచోట గంగిరెద్దులా తల ఊపి వచ్చాను.

అక్కడ చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లుల కోసం ఒక పెద్దావిడ తన ఇంటి కింది భాగాన్ని పిల్లల కేంద్రంగా మార్పించింది. ముందు దర్వాజ తూర్పుకు ఉంది, దాని పక్కనే వంటగది. అక్కడ మంట లేస్తే పిల్లలు బయటపడటానికి రెండో దారి కావాలి. దానికి చోటు దక్షిణం గోడలోనే ఉంది.

"దక్షిణం దర్వాజనా? వద్దు బిడ్డా" అంది పెద్దావిడ.

ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి ఆవిడ. బైబిల్లో వాస్తు ఎక్కడుంది ఆంటీ అని అడిగాను. ఆవిడ నవ్వలేదు.

"ప్రార్థన వేరే, ఇల్లు వేరే. మా ఆయన పోయినంక నాకు మిగిలింది గీ ఇల్లే."

ఆ మాటకు మెత్తబడ్డాను. చివరికి దర్వాజ పెట్టడానికి ఆవిడ ఒప్పుకుంది, దానికి తాళం వేసి ఉంచడానికి నేను ఒప్పుకున్నాను. తాళంచెవి పక్కనే మేకుకు ఉంటుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా 'పిల్లలు ఉన్నంతసేపూ రెండు దారులూ తెరిచే ఉంటాయి' అని కేంద్రం భద్రతకు ఇచ్చే హామీ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆవిడ దానికి ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించింది. అది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసేది. పోనీ వెళ్లి తాళం తీయించానా అంటే, అదీ లేదు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఆవిడ ఫోన్ చేసింది. "వంటగదిల మంట లేసింది. జల్ది రా బిడ్డా."

పేట్ బషీరాబాద్‌లోని మా ఆఫీసు నుంచి స్కూటీ మీద బయలుదేరాను. దారంతా నా కళ్ల ముందు ఆ తాళమే. అంత భయం నాకు ముందెప్పుడూ వేయలేదు.

నేను వెళ్లేసరికి మంట ఆరిపోయింది. పోపు నూనె అంటుకుందట. ముందు గదంతా పొగచూరి ఉంది. పిల్లలు దక్షిణం వైపు ఇసుకలో ఆడుకుంటున్నారు. సగం మంది చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి ఉన్నాయి. పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను.

"తాళం ఏమైంది?" అని ఆయాను అడిగాను. పక్క ఊరి ముస్లిం కుటుంబం నుంచి పనికి వస్తుంది ఆమె.

"నేనే తీస్తున్న మేడం. రోజు పొద్దున తీసి, పొద్దుమీకి ఏస్తున్న. పిల్లలకు తెల్వని దర్వాజ ఉన్నా ఒక్కటే, లేకున్నా ఒక్కటే."

చెప్పుల స్టాండు కూడా ఆమే ఆ దర్వాజ పక్కకు మార్చిందట. చెప్పులు దక్షిణాన ఉంటే దోషం లేదులే అని పెద్దావిడ ఊరుకుందట. అప్పటి నుంచి ఆ చెప్పుల వంకతో ఆటకు వెళ్లేది ఆ దారినే. ఇవాళ పొగ కనబడగానే ఆమె అన్నది ఒక్కటే మాట: "చెప్పులేస్కోండ్రి, ఆటకు పోదాం." ఎవరూ ఏడవలేదు.

పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గీసిన దర్వాజనే పిల్లల్ని కాపాడింది బిడ్డా."

ఈలోగా ఆయా లోపలి నుంచి నా కాగితం ఉన్న ఫ్రేమును తెచ్చింది. మసిపట్టిన అద్దాన్ని చున్నీ కొసతో తుడుస్తూ అడిగింది.

"మేడం, గిది మళ్ల గోడకు పెట్టాల్నా?"

"వద్దు" అన్నాను. "నేను రాసిన రోజు అది అబద్ధం. నిజం చేసింది నువ్వు."

పెద్దావిడ తల దించుకుంది. నేనూ దించుకున్నాను. ఆయా ఫ్రేమును నా చేతిలో పెట్టి, పిల్లల చెప్పులు సరిచేయడానికి ఇసుకలోకి వెళ్లింది.