ప్రభవ వచ్చేలోపల

మా మేనత్త పోయిన ఆదివారం మాచర్లలో చనిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని, మజ్జిగలో ఉప్పు తక్కువైందని కోడలి మీద విసుక్కుని, మంచం మీద నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. తొంభై ఆరేళ్ళు. ఫోను చేసిన ఆమె కొడుకు ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. మధ్యలో నవ్వు కూడా వచ్చింది, దాచడమెందుకు? అరవై నిండకుండానే పోతానని ఒకప్పుడు మమ్మల్నందరినీ హడలగొట్టిన మనిషి ఈవిడ!

ఎనభైల్లో నాకు మాచర్లలో టీచరుద్యోగం వచ్చింది. ఉండడం అత్త ఇంట్లోనే. ఇంటి ముందు భాగమంతా పిండిమర. మామయ్య పోయాక దాన్ని ఆవిడే నడిపేది. పొద్దున పిండి, మధ్యాహ్నం కారం. కారం ఆడినంతసేపూ వీధి వీధంతా తుమ్మేది, ఆవిడ మాత్రం తుమ్మేది కాదు. పిండి తగ్గిందని ఎవరైనా పేచీ పెడితే, "తగ్గలా, నువ్వు తెచ్చిందే తక్కువ" అని గోతాం చేతిలో పెట్టి పంపేది.

అంత మనిషికీ ఒక భయం ఉంది. వాళ్ళమ్మ, ఇద్దరక్కలు, ముగ్గురూ అరవై లోపే పోయారు. మన తెలుగు సంవత్సరాల పేర్లు అరవై కదా, పుట్టిన ఏడు పేరు మళ్ళీ తిరిగొస్తే అరవై వచ్చినట్టు. అత్త పుట్టింది ప్రభవలో. "మా ఇంట్లో ఆడోళ్ళు అరవై చూడలా. నేనూ అంతే. ప్రభవ వచ్చేలోపల పోతా" అనేది, రేపు సంతకు పోతానన్నంత మామూలుగా.

ప్రభవకు రెండేళ్ళుందనగా ఒకరోజు, గోతాల మూతులు కట్టే పురికొస మూరెడు తెంచి, దానికి ఏడు ముళ్ళు వేసి, స్విచ్ బోర్డు కింద మేకుకు తగిలించింది.

"ఏందత్తా ఇది?"

"పొయ్యేలోపల చేసుకోవాల్సిన పనులే. కాయితం మీద రాస్తే నువ్వు చదివి ఊరంతా చాటుతావు."

నా సంగతి ఆవిడకు బాగా తెలుసు.

ఒక్కో పని అయ్యాక ఒక్కో ముడి విప్పేది. అమరావతి వెళ్ళి కృష్ణలో మునిగొచ్చింది, ఒక ముడి. ఒక సోమవారం పట్టపగలు మర ఆపేసి సాయంత్రం దాకా నిద్రపోయింది, ఇంకో ముడి. అన్నిటికంటే గట్టి ముడి మా నాన్నది. మామయ్య పోయినప్పుడు, "ఆడదానివి, మర నీకెందుకక్కా, అమ్మెయ్" అన్నాడట నాన్న. ఆ మాట మనసులో పెట్టుకుని, వినుకొండలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి భోజనాల దగ్గర, రెండు పంక్తుల జనం వింటుండగా నాన్నను కడిగిపారేసింది. నాన్న తలొంచుకుని అంతా విని, "తప్పేలే అక్కా, పెరుగు పోయించుకో" అన్నాడు. ఇద్దరూ తర్వాత ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వచ్చారు.

చివరికి ఒక్క ముడి మిగిలింది. సైకిలు నేర్చుకుని, తనే తొక్కుకుంటూ ఎత్తిపోతల జలపాతం దాకా వెళ్ళి నీళ్ళు చూడాలి. కొడుకు అడ్డం పడ్డాడు. "పరువు తీస్తున్నావమ్మా!"

"మర నడిపితే పోని పరువు సైకిలెక్కితే పోద్దంట్రా?"

నేర్పడం నా వంతయింది. ఆదివారాలు మా బడి గ్రౌండులో నా లేడీస్ సైకిలు మీద ఎక్కించి వెనక క్యారియర్ పట్టుకునేదాన్ని. కొంచెం వంకర పోతే చాలు, ఆవిడ రెండు చేతులూ వదిలేసి పక్కకు దూకేది. సైకిలొక వైపు, ఆవిడొక వైపు, నేను మధ్యలో బోర్లా. మోకాళ్ళు చెక్కుకుపోయినా పద్ధతి మార్చుకోదు. ఎందుకో మూడు వారాలకుగానీ నా బుర్రకు తట్టలేదు. మరను తిప్పే పట్టా జారితే మొట్టమొదట చేతులు తీసి పక్కకు జరగాలి. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన అలవాటది.

"అత్తా, ఇది మర కాదు. ఇక్కడ వదిలితేనే దెబ్బలు."

"ఈ ముక్క మొదటి వారం జెప్పొద్దంటే? చానా చదివావుగా!"

ఆ వారం నుంచి చేతులు వదలలేదు.

ప్రభవ ఉగాదికి ముందు రోజున బయల్దేరాం. ఆవిడకు అద్దె సైకిలు, నాకు నాది. సైకిలు షాపు సాయిబు చైనుకు తనే నూనె వేసి, "అక్కా, పల్లంలో బ్రేకు గట్టిగా పట్టమాక" అని పదిసార్లు చెప్పాడు. దారిలో మూడు చోట్ల దిగి నడిచింది. బస్సెక్కుదామంటే వినకుండా మళ్ళీ సైకిలెక్కింది. నాపరాళ్ళ లారీ ఎదురొస్తే అది దాటిపోయేదాకా బెల్లు కొడుతూనే ఉంది. ఎత్తిపోతల చేరి, చెమటతో తడిసిన కొంగు నడుముకు చుట్టి, కింద పడే నీళ్ళను రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఎవరూ స్విచ్ వెయ్యకుండానే ఎంత నీళ్ళు పడతన్నయ్యే!" అంది. మళ్ళీ తనే, "ఇంక ఎప్పుడు పిలిచినా పోతా" అంది. నేను గట్టిగా ఏడ్చేశాను. ఆవిడ నా మొహం తుడిచి, పులిహోర పొట్లం విప్పింది.

మర్నాడు కొత్త చీర కట్టుకుని గుళ్ళో పంచాంగం వినడానికి వచ్చింది. ప్రభవ వచ్చేసింది కదా పంతులుగారూ, నా అరవై అయిపోయినట్టేనా అని అడిగింది. ఆయన ఏ నెలలో పుట్టావమ్మా అన్నారు.

"కాముని పున్నమి తెల్లారి పుట్టానంది మా అమ్మ."

"అంటే ఫాల్గుణం. ప్రభవ ఇవాళేగా మొదలైంది? నీకు అరవై నిండటానికి ఇంకా పదకొండు నెలలుందమ్మా."

అత్త మొహం చూడాలి. "ఈ మాట మొన్న జెప్పకూడదా అయ్యా! నా మోకాళ్ళు జూడు!" గుడంతా ఘొల్లుమంది. ఇంటికెళ్ళి కొత్త పురికొస తెంచింది. ఈసారి ఎన్ని ముళ్ళో నేను లెక్కపెట్టలేదు. భయమేసిన పనిని వాయిదా వెయ్యకుండా ముందే ముగించే అలవాటు నాకు ఆ ఏడాదే వచ్చింది. ఉద్యోగంలోనూ ఇంట్లోనూ అది నన్ను ఎన్నోసార్లు గట్టెక్కించింది. ఈ మాట ఆవిడ ఉండగా ఒక్కసారి కూడా చెప్పలేదు, సిగ్గుగా ఉంది.

ఆ ఏడాది ఫాల్గుణం దగ్గరపడేకొద్దీ అత్తకు మాట తగ్గింది. కాముని పున్నమి నాడు మర తెరవలేదు. నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ రోజంతా గడిపాం.

తెల్లారి నాకు మెలకువ వచ్చేసరికి మంచం ఖాళీ. అంతలో వీధిలో బెల్లు మోగింది, ఆగకుండా. పరుగెత్తాను. మెయిన్ రోడ్డు మీద నా సైకిలు, దాని మీద అత్త. "అరవై నిండినయ్! నాకు అరవై నిండినయ్!" అని కనపడ్డ వాళ్ళందరికీ చెప్తూ నడిరోడ్డున పోతోంది. వెనక గుంటూరు బస్సు హారన్ కొడుతోంది.

"అమ్మా, పక్కకు తప్పుకో!" అని డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు.

"ఇన్నాళ్ళూ తప్పుకున్నాలే నాయనా! ఈ పొద్దు నువ్వే ఆగు!"

డ్రైవర్ నవ్వేసి హారన్ ఆపాడు. బస్టాండు దాకా ఆ బస్సు, నిండా జనంతో, మా అత్త సైకిలు వెనకాల మెల్లగా నడిచింది.