నేలగుడ్డ పిండే చెక్క

కొండల్లో పితూరీ అణిగిన మరుసటేడు, ఎండాకాలంలో, గుడ్డెలుగు నా కుడిచేతిని నమిలేసింది. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి గంప పట్టుకుని వాలు దిగాను. చెట్టుకింద నల్లటి వీపొకటి వంగి కనిపించింది. మా పక్కింటి ముసలమ్మ నాకంటే ముందే వచ్చిందనుకున్నాను.

"అప్పుడే వొచ్చీసినావేటే అవ్వా?" అని పలకరించాను.

అది లేచి రెండుకాళ్ల మీద నిలబడింది. గంప దాని మూతికి అడ్డం పెట్టి అరిచాను. దాని అరుపు కంటే నా అరుపే పెద్దదని మా అమ్మ తర్వాత ఊరంతా చెప్పుకుంది. జనం మంటలు పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి అది వెళ్లిపోయింది. నా చెయ్యి మాత్రం చెయ్యిలా మిగల్లేదు.

అమ్మా, మా మేనమామ కొడుకులూ నన్ను డోలీలో మోసుకుని అరకు లోయలో ఉన్న మిషను ఆసుపత్రికి తెచ్చారు. అక్కడి దొరసాని మణికట్టుకు పైన కోసి కుట్టింది. ఆమె డాక్టరు కాదు, నర్సు. డాక్టరు దొర మైదానం నుంచి ఎప్పుడోగాని ఘాటీ ఎక్కి వచ్చేవాడు కాదు. అందుకని కోతలూ కుట్లూ ఆమే చూసుకునేది. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడేది. "నీవు బ్రతుకుదువు. భయపడకుము," అంది నాతో.

నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. ఎలుగు మీద కాదు. దాని పువ్వు అది ఏరుకుంటుంటే నేనే వెళ్లి అవ్వా అని పిలిచాను. నా కోపమంతా ఆ తర్వాత వచ్చినవాళ్ల మీద. నన్ను పెళ్లికి అడిగినవాళ్లు, నా పుండు మానకముందే మా గుమ్మంలోకి వచ్చి మా చెల్లెల్ని అడిగారు. మా నాన్న పోయి అప్పటికి చాలాకాలమైంది. అమ్మ ఒక్కతే వాళ్లకు ఎదురు నిలబడి, "ఓ గుంటకి సెయ్యి పోతే ఇంకో గుంటని మార్సుకుంటారేటి? ఇవి సంతలో కుండలనుకున్నారా?" అని రోకలెత్తిందట. వాళ్లు పోయారు గాని ఊళ్లో మాట మిగిలింది. ఒంటిచేతి మనిషి కుండెత్తలేదు, చోళ్లు విసరలేదు, పిల్లని చంకనేసుకుని పొలం పోలేదు. ఇంకెందుకు, అని.

పుండు మానింది. దొరసాని ఇక ఇంటికి వెళ్లమంది. నేను కదల్లేదు.

"ఇక్కడే పని సేత్తాను అమ్మగోరూ," అన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ, మన్యం జ్వరం తట్టుకోలేక, ఘాటీ దిగిపోయి తిరిగి రాలేదు. రెండు పొడుగాటి గదులు, ముందు వసారా, అంతా నాపరాళ్లు. రోజూ రెండుపూటలా ఫినాయిలు కలిపిన నీళ్లతో తుడవాలి. కూర్చుని చేతిగుడ్డతో తుడవడానికి దొరసాని ఒప్పుకునేది కాదు. కర్ర చివర నూలుతాళ్ల కుచ్చు బిగించిన తుడుపుకర్రను వాళ్ల దేశం నుంచి తెప్పించింది. దాన్ని మాపు అనేది. మేమూ అదే అనేవాళ్లం.

నౌకర్లందరి మీదా ఒక మేస్త్రీ ఉండేవాడు. విజయనగరం వైపు మనిషి. నీళ్లు మోసేవాళ్లు, వంటమనిషి, ఊడ్చేవాళ్లు, అందరూ ఆయన చెప్పినట్టు నడవాలి. నాకు పనివ్వాలని దొరసాని అనగానే ఆయన నా మొండిచెయ్యి చూసి నవ్వాడు.

"కర్ర ఎవులైనా తోత్తారు. దాన్ని పిండడమెలాగే, ఒంటిసెయ్యీ? నీళ్లోడే మాపుతో తుడిసినావంటే జబ్బోళ్లు జారిపడి సత్తారు."

"పిండుతాను."

"అదే, ఎలాగంతన్నాను."

"పిండినాక సూడు బాబూ."

ఎలాగో నాకు మాత్రం ఏం తెలుసు? కుచ్చును కాలికింద వేసి తొక్కాను. సగం నీళ్లు మళ్లీ నేలమీదికే పోయాయి. కర్రను చంకలో ఇరికించి ఉన్న చేత్తో మెలిపెట్టాను. మెలి తిరిగినంతా తిరిగి, పట్టు మార్చుకోబోతే గిర్రున విప్పుకుపోయింది. వసారా స్తంభానికేసి అదిమాను. సున్నమంతా ఊడి కుచ్చుకు అంటుకుంది. మోడు మీద ఫినాయిలు పడితే మానిన చోట కూడా భగ్గుమనేది. పని ముగిసేసరికి నా కోక మోకాళ్ల దాకా తడిసేది. నేల ఎంతకీ ఆరేది కాదు.

మేస్త్రీ అన్నంతా అయింది. కాలిదెబ్బతో చేరిన ఒక తాత వసారాలో జారి కూలబడ్డాడు. పెద్ద దెబ్బేమీ తగల్లేదు, ఆయనే నవ్వుకుంటూ లేచాడు. మేస్త్రీ మాత్రం దొరసానిని చెయ్యిపట్టి లాక్కొచ్చినంత పనిచేశాడు.

"సూసినారా అమ్మగోరూ? నాను ముందే సెప్పినాను."

దొరసాని తడినేల వైపూ నా వైపూ చూసింది. "మా దేశమునందు మాపు పిండుటకు ఇనుప సాధనము కలదు. బొక్కెన అంచునకు తగిలింతురు. నేను దానిని తెప్పించెదను. కాని అది ఓడలో రావలెను కదా," అని, "వచ్చే సంతదినము వరకు చూచెదను. అప్పటికిని నేల ఇట్లే ఉండినయెడల వేరొకరిని పెట్టక తప్పదు," అంది.

ఆమె అన్యాయంగా మాట్లాడలేదు. అయినా ఒక గుడ్డ పిండడానికి సముద్రం మీద ఓడ రావాలా అని నాకు ఒళ్లు మండింది.

ఆ మరునాడు అమ్మ సొరకాయ బుర్రలో అంబలి పట్టుకుని వచ్చింది. వంటింటి వెనక కూర్చుని సంగతంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"మనింటికాడ ఇప్పనూనె సేతుల్తో పిండుతున్నామేటే?"

మా కొండల్లో ఇప్పపలుకులు దంచి, ఆవిరి పట్టి, తీగబుట్టలో పెట్టి రెండు దుంగల మధ్య ఇరికిస్తారు. పైదుంగ కొసమీద మనిషి ఎక్కి కూర్చుంటే నూనె కారుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ కొసమీద ఎక్కి కూర్చునేది నేనే. అయినా నాకు తట్టలేదు. పిండడమంటే రెండు చేతుల పని అని మేస్త్రీ అనుకున్నట్టే నేనూ అనుకున్నాను.

అమ్మ వెళ్లి, మా పాత నూనెదుంగ పగిలిపోయి మూలనుంటే దాన్ని చీల్చి రెండు చెక్కలు చేయించి మోసుకొచ్చింది. కింది చెక్కకు ఎర్రగా కాల్చిన ఇనుపచువ్వతో బొక్కలు పెట్టాం. దాన్ని బొక్కెన మూతికి అడ్డంగా కట్టాం. దానిమీద రెండో చెక్క. రెండిటినీ ఒక కొసన అడ్డతీగ నారతో బిగించాం, తలుపు బందు వేసినట్టు. రెండో కొస బొక్కెన దాటి బయటికి చాచుకుని ఉంటుంది. దానికి నారతో ఉచ్చు వేలాడదీశాం. మాపు కుచ్చు రెండు చెక్కల మధ్య పెట్టి, ఉచ్చులో కాలుపెట్టి కిందికి తొక్కితే పిండుకుపోవాలి. కర్ర పట్టుకోవడానికి ఒక్క చెయ్యి చాలు.

తొక్కాను. బొక్కెన బొక్కెనంతా నా కాలిమీదికి తిరగబడింది. తెల్లటి ఫినాయిలు నీళ్లు వసారా పొడుగునా పారి మేస్త్రీ చెప్పుల కింద ఆగాయి.

ఆయన కట్లు తెంపి, చెక్కలు రెండూ తీసుకెళ్లి వేణ్నీళ్ల కాగు కింద పొయ్యిలో పెట్టేశాడు. నేను వెనకే పరుగెత్తి, మంటలోకి చెయ్యిపెట్టి రెండిటినీ బయటికి లాగాను. ఉన్న ఒక్క చెయ్యీ కాలింది.

"నీకేటి పిచ్చా?" అన్నాడు మేస్త్రీ. ఆయన గొంతులో కంగారు కూడా ఉంది. "ఉన్నదీ కాల్సుకుంతావేటి?"

"ఇయ్యి మా అమ్మయి. నీ పొయ్యిలోకి కర్రలు కావాలంతే అడివిలోకెళ్లి కొట్టుకో. మరోపాలి వీటిమీద సెయ్యేసినావంతే నాను ఊరుకోను. ఇంకో మాట. నా పేరు ఒంటిసెయ్యి కాదు. నా పేరెట్టి పిలిత్తేనే పలుకుతాను."

ఆయన తిట్టుకుంటూ పోయాడు. నీళ్లు మోసే ఆడవాళ్లు కడవలు దించి అలాగే నిలబడిపోయారు. అమ్మ నా అరచేతికి ఇప్పనూనె రాస్తూ, "బొక్కెన తేలిగ్గా ఉంది. దుంగకైతే నేల ఉంది, దీనికేటుంది?" అంది. ఆ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను. చివరికి ఒక పొడుగాటి బల్లచెక్క సంపాదించి, బొక్కెనను దానిమీద పెట్టి కదలకుండా కట్టేశాను. బల్ల రెండో కొస ఉచ్చుకింద దాకా వచ్చి ఇంకా ముందుకు పోయింది. ఇప్పుడు నేను ఎంత గట్టిగా తొక్కినా బొక్కెన పడాలంటే బల్లంతా లేవాలి. అది లేవదు.

కుచ్చు పెట్టి తొక్కాను. కిర్రుమంది. నీళ్లు బొక్కల్లోంచి బొక్కెనలోకి దబదబా కారాయి. కుచ్చు తీసి చూస్తే, రెండు చేతులున్న ఏ మనిషీ అంత పొడిగా పిండలేడు. అమ్మ తలూపి, అంబలి బుర్ర బుజాన వేసుకుని, కొండెక్కడానికి పొద్దుపోతోందని వెళ్లిపోయింది.

సంతరోజు దొరసాని గదుల్లో అటూఇటూ నడిచింది. బూటు ఎక్కడా జారలేదు. "ఉండుము," అంది నాతో. ఆ ఒక్క మాటే.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్లకు డాక్టరు దొర వస్తున్నాడని కబురొచ్చింది. మేస్త్రీ సున్నాలు వేయించాడు, దుప్పట్లు ఉతికించాడు. ఆ రోజు పొద్దున్నే నా బొక్కెనా బల్లా కనిపించలేదు. నేల తుడవడానికి సంతవీధి నుంచి ఎవరో కొత్త మనిషిని తెచ్చాడు.

"ఈ పూట నువ్వు వంటింటెనకాల కూకో. దొరగోరు ఎల్లినాక రా," అన్నాడు.

"ఏం?"

"ఏటేంటి? ఆ నూనె కంపు సెక్కలూ, ఆ మొండిసెయ్యీ! సూత్తే ఏటనుకుంతారు? మొండిసెయ్యి మీద పైటైనా కప్పుకోవు."

నేను వంటింటి వెనక్కి వెళ్లాను. కూర్చోలేదు. కట్టెల కొట్టంలో వెతికితే తాటాకుల కింద నా బొక్కెన దొరికింది. దాన్ని బల్లతో సహా తాడుకట్టి ఈడ్చుకుంటూ వసారా మెట్లెక్కించాను. ఈడ్చిన చప్పుడుకు గదిలో జబ్బువాళ్లంతా తలలెత్తారు. జారిపడ్డ తాత ఇంకా మంచంమీదే ఉన్నాడు. "రాయే అమ్మా, రా," అన్నాడు.

డాక్టరు దొరా దొరసానీ గది మధ్యలో నిలబడి ఉన్నారు. మేస్త్రీ ముఖం సున్నం కంటే తెల్లబడింది. కొత్త మనిషి నన్ను చూసి మాపు నా చేతికిచ్చేసింది. నేను ముంచి, చెక్కల మధ్య పెట్టి, కాలితో తొక్కి, తుడవడం మొదలుపెట్టాను.  తల దించలేదు. కిర్రుమన్నప్పుడల్లా దొర ఇటు చూసేవాడు. వాళ్ల భాషలో ఏదో అడిగాడు. దొరసాని జవాబు చెప్పింది. ఏం చెప్పారని తర్వాత అడిగితే, "నీ వెవరివని అడిగెను. మా పనిమనిషి, ఈ నేల ఈమెది, అంటిని," అంది.

దొర మెచ్చుకోలేదు, కోప్పడలేదు. తుడిచిన చోటు తొక్కకుండా గోడవారగా నడిచి పోయాడు. నాకంతే చాలు.

సాయంత్రం మేస్త్రీ వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నీకు పొగరెక్కువే."

"ఉంది బాబూ. నీకు నా పేరు తెల్సు గదా, పేరెట్టి సెప్పు ఆ మాట."

ఆయన పేరుపెట్టే చెప్పాడు. పొగరెక్కువే అని. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు గాని, ఆ తర్వాత ఒంటిసెయ్యి అన్న మాట ఆయన నోట రాలేదు. మేమిద్దరం ఎన్నడూ మంచి చేసుకోలేదు. కొన్ని సంగతుల్లో ఆయనతో చివరిదాకా దెబ్బలాటే. కానీ వర్షాలకు నార కుళ్లి తెగితే, కొత్త నార ఆయనే సంత నుంచి తెచ్చి పడేశాడు.

దొరసాని చెప్పిన ఇనుప సాధనం చాలాకాలానికి నిజంగానే ఓడెక్కి, బండెక్కి వచ్చింది. ఒకదాన్నొకటి ఒరుసుకుని తిరిగే రెండు గుండ్రటి కడ్డీలు, తిప్పడానికి పిడి. మంచిదే. అయితే ఒక చెయ్యి పిడికీ, ఒక చెయ్యి కర్రకీ కావాలి. దాన్ని పక్కగదికి ఇచ్చాం. ఫినాయిలు నీళ్లలో గుడ్డలుతికి చేతులు పగిలిపోయే ఆడవాళ్లు దానితోనూ నా చెక్కతోనూ, ఏది ఖాళీగా ఉంటే దానితో పిండుకునేవాళ్లు.

డాక్టరు దొర వచ్చి వెళ్లిన తర్వాతి సంతకు నేను ఒక్కదాన్నే వెళ్లాను. మోడు మీద పైట కప్పుకోలేదు. చూసేవాళ్లు చూశారు. మైదానం నుంచి వచ్చిన గాజుల సెట్టి దగ్గర కూర్చుని ఎడమచెయ్యి చాచాను. ఆయన నా వైపు చూసి ఇబ్బంది పడ్డాడు.

"రెండు సేతులకీ కలిపి జతలుగా ఉంటాయమ్మా ఇవి," అన్నాడు మెల్లిగా.

"తెల్సు. ఆ సేతియి కూడా ఈ సేతికే ఎయ్యి."

"ఇన్నా? మోసేతి దాకా ఒత్తాయే?"

"రానీ."

సెట్టి నూనె రాసి ఒక్కొక్కటే ఎక్కించాడు. ఆకుపచ్చవి, ఎర్రవి, మళ్లీ ఆకుపచ్చవి. సాయంత్రం నేల తుడిచేటప్పుడు వాటిలో కొన్ని బొక్కెన అంచుకు తగిలి చిట్లాయి. ముక్కలు ఏరి బయట పారేసి, వచ్చే సంతకు ఏ రంగువి కొనాలా అనుకుంటూ మిగతా వసారా తుడిచాను.